ఇయాన్ పేస్ డ్రమ్ సోలోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇయాన్ పేస్ ఎవరు?

ఇంగ్లండ్ రాక్ బృందం డీప్ పర్పుల్ డ్రమ్మర్. 1948 జూన్ 29న నాటింగ్‌హామ్‌లో పుట్టారు. పదిహేనేళ్ల వయసులో డ్రమ్స్ చేతికొచ్చాయి. తండ్రి పియానో వాయించే డాన్స్ బ్యాండులో వాల్ట్జులు, క్విక్‌స్టెప్పులు వాయిస్తూ పని నేర్చుకున్నారు. 1968లో డీప్ పర్పుల్ మొదలైంది. ఆ తర్వాత గాయకులు మారారు, గిటారిస్టులు మారారు, మధ్యలో 1976 నుంచి 1984 దాకా బృందమే లేదు. అయినా ఆ పేరుతో వచ్చిన ప్రతి లైనప్‌లోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి పేస్.

ఆ డాన్స్ బ్యాండు సంగతి గుర్తుంచుకోండి. ఆయన సోలోల్లో వినిపించే చాలా విషయాలకు మూలం అక్కడే ఉంది.

అంత పెద్ద బృందంలో ఉన్న మనిషికి తగిన గుర్తింపు రాలేదని ఎందుకంటారు?

పేరు లేదని కాదు. 2016 ఏప్రిల్‌లో బృందంతో పాటు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. డ్రమ్మర్లందరికీ ఆయన తెలుసు. కానీ మామూలు శ్రోతను డెబ్భైల రాక్ డ్రమ్మర్ల పేర్లు చెప్పమంటే జాన్ బోన్‌హామ్ (లెడ్ జెప్పెలిన్), కీత్ మూన్ (ద హూ) తర్వాతే పేస్ గుర్తొస్తారు, అదీ వస్తే.

దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి. డీప్ పర్పుల్‌లో చెవిని ముందుగా లాక్కునేవి రిచీ బ్లాక్‌మోర్ గిటారు, జాన్ లార్డ్ ఆర్గన్. వాళ్లిద్దరి వాదులాట మధ్య డ్రమ్స్ ఎంత చేస్తున్నాయో వెంటనే పట్టుబడదు. రెండోది, మూన్ 1978లో, బోన్‌హామ్ 1980లో చిన్న వయసులోనే చనిపోయారు, వాళ్ల చుట్టూ కథలు పెరిగాయి. పేస్ బతికి, క్రమం తప్పకుండా పని చేస్తూ వచ్చారు. పత్రికలకు అందులో కథ దొరకదు. మూడోది ముఖ్యం: ఆయన వాయించేది కష్టంగా కనిపించదు. భుజాలు కదలవు, ముఖం మారదు, పని అంతా మణికట్టులో, వేళ్లలో జరిగిపోతుంది. కష్టం కనబడని చోట గొప్పతనం కూడా కనబడదనుకునేవాళ్లు ఎక్కువ.

ఒక్క సోలో వినాలంటే ఏది?

'మేడ్ ఇన్ జపాన్' ఆల్బమ్‌లోని 'ద మ్యూల్'. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో జరిగిన కచేరీల నుంచి ఏరి కూర్చిన ఆల్బమ్ ఇది. అందులోని 'ద మ్యూల్' టోక్యో రాత్రిది, సుమారు తొమ్మిదిన్నర నిమిషాలు. మొదట బృందం రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుస) వాయిస్తుంది, చిన్న పాట వస్తుంది, తర్వాత అందరూ తప్పుకుంటారు. పేస్ ఒక్కరే మిగులుతారు. చివరికి అదే రిఫ్‌తో బృందం తిరిగొస్తుంది.

ఈ పాట స్టూడియో రూపం 1971 నాటి 'ఫైర్‌బాల్' ఆల్బమ్‌లో ఉంది. ముందు అది వినండి. అక్కడ డ్రమ్స్ ఎడతెగని ప్రవాహంలా పాట కిందుగా సాగుతాయి. వేదిక మీద ఆ ప్రవాహమే సోలోగా పైకొచ్చిందని అర్థమవుతుంది.

మృదంగం తని ఆవర్తనం వినే అలవాటుంది. ఈ సోలోను ఎలా వినాలి?

మంచి చోట నుంచే మొదలుపెడుతున్నారు. తనిలో వాద్యకారుడు ఒక్కడే వాయిస్తున్నా తాళం ఆగదు. పాటకుడి చేతిలో, సభలో కూర్చున్నవాళ్ల చేతుల్లో అది నడుస్తూనే ఉంటుంది. మోరా, కోర్వై (లెక్కతో కట్టిన ముగింపు జతులు) పూర్తయ్యేసరికి ఎత్తుగడ దగ్గరికి అందరూ కలుస్తారు. రాక్ సోలోలో ఆ తాళం పట్టేవాళ్లు ఎవరూ ఉండరు. కాలప్రమాణం మోయాల్సింది, దానిమీద అల్లాల్సింది ఒక్కరే. పేస్ విషయంలో మొదట గమనించాల్సింది ఇదే: చేతులు ఎంత దూరం వెళ్లినా కింద పాదాల దగ్గర నడక వినిపిస్తూనే ఉంటుంది.

తేడాలూ ఉన్నాయి. ఇక్కడ లెక్క ప్రకారం మూడుసార్లు వచ్చే ముగింపు ఉండదు. ఆవర్తనాల గణితం కంటే శబ్దం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదే సోలోకు నిర్మాణం. కాబట్టి మొదటిసారి వినేటప్పుడు వేగాన్ని వదిలేసి గట్టి–మెత్తన మాత్రమే వినండి. స్నేర్ (కింద లోహపు తీగలుండే, చురుగ్గా పలికే చిన్న డ్రమ్) మీద రోల్ (ఎడతెగని దెబ్బల వరుస) గుసగుసలా మొదలై, అదే వేగంతో, చేతులు మారకుండా, హాలు నిండేంత పెరుగుతుంది. వేగం పెంచకుండా శబ్దం పెంచడం, శబ్దం తగ్గినా వేగం సడలకుండా ఉంచడం: ఈ రెండూ పేస్‌లో ఉన్నంత శుభ్రంగా ఆ తరం రాక్ డ్రమ్మర్లలో ఇంకొకరిలో లేవని మా నమ్మకం.

రెండోసారి వినేటప్పుడు స్నేర్‌ను మాత్రమే వెంబడించండి. రాక్ సోలో అనగానే చాలామంది టామ్‌ల (తీగలు లేని గుండ్రటి డ్రమ్‌లు) మీద గుండ్రంగా తిరుగుతారు. పేస్ ఎక్కువ సేపు స్నేర్ మీదే ఉంటారు. ఒక్క వాద్యం మీద అంతసేపు ఆసక్తి నిలపడం చాలా కష్టం. జీన్ క్రుపా, బడ్డీ రిచ్ లాంటి బిగ్ బ్యాండ్ (పెద్ద జాజ్ బృందం) డ్రమ్మర్ల దారి అది. పేస్ వాళ్లను విని పెరిగారు.

అదే సోలో వేరే రాత్రి ఎలా ఉందో వినొచ్చా?

వినొచ్చు, తప్పకుండా వినండి. 2014లో వచ్చిన 'మేడ్ ఇన్ జపాన్' పెద్ద ఎడిషన్‌లో మూడు రాత్రుల కచేరీలూ ఉన్నాయి. ఒకే వారంలో, అదే డ్రమ్ కిట్ మీద, అదే పాటలో మూడు సోలోలు. పక్కపక్కన పెట్టి వింటే ఏది ముందే అనుకున్నది, ఏది అక్కడికక్కడ పుట్టినది తేలుతుంది. చిన్న కాగితం మీద మూడు నిలువు వరుసలు గీసి, స్నేర్ రోల్, టామ్‌లు, ఒంటిచేతి వాయింపు, నిశ్శబ్దం, పతాక స్థాయి ఏ నిమిషంలో వచ్చాయో రాసుకోండి. సోలో కట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం కొనుక్కున్నా దొరకదు.

ఇంకా ఏ రికార్డింగులు వినాలి?

ముందునాటివి కావాలంటే 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రికార్డయిన 'కన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా'. మూడో భాగంలో పేస్ సోలో ఉంది. వెనుక సింఫనీ ఆర్కెస్ట్రా కూర్చుని ఉండగా, ఇరవై ఒక్కేళ్ల వయసులో వాయించినది. 1970 నవంబర్‌లో స్టాక్‌హోమ్‌లో రికార్డయిన కచేరీలో 'పెయింట్ ఇట్ బ్లాక్' అనే వాద్య రూపం ఉంది. 'ద మ్యూల్' రాకముందు సోలోకు చోటు అదే.

తర్వాతి కాలానికి 1974 ఏప్రిల్ 6 నాటి కాలిఫోర్నియా జామ్ సంగీతోత్సవం. అక్కడ సోలో 'యూ ఫూల్ నో వన్'లోకి మారింది. ఆ పాట స్టూడియో రూపంలో కౌబెల్‌తో (గంటలాంటి లోహ వాద్యం) నడిచే లయ కూడా నేర్చుకోదగినది. ఈ కచేరీకి వీడియో ఉంది కాబట్టి చేతుల కదలిక చూడాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

సోలో కాకపోయినా వదలకూడనివి: 1969 నాటి 'డీప్ పర్పుల్' ఆల్బమ్‌లో 'చేజింగ్ షాడోస్' (పాట మొత్తం డ్రమ్ లయ మీదే కట్టారు), 'ఇన్ రాక్'లో 'ఫ్లైట్ ఆఫ్ ద ర్యాట్' చివరి డ్రమ్ బ్రేక్ (మిగతావాళ్లు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోటు), 'మెషీన్ హెడ్'లో 'పిక్చర్స్ ఆఫ్ హోమ్' ఎత్తుగడ.

ఆయన ఎడమచేతి వాటం. దానివల్ల వాయింపులో తేడా ఉంటుందా?

శబ్దంలో తేడా ఉండదు, చూసి నేర్చుకునేటప్పుడు ఉంటుంది. పేస్ కిట్ మొత్తం తిరగేసి ఉంటుంది: హైహ్యాట్ (పాదంతో మూసి తెరిచే జంట సింబల్స్, అంటే లోహ పళ్లేలు) కుడివైపు, రైడ్ (లయ నడిపే పెద్ద సింబల్), ఫ్లోర్ టామ్ (నేల మీద నిలిచే పెద్ద టామ్) ఎడమవైపు, బాస్ డ్రమ్ (పెడల్‌తో కొట్టే అతి పెద్ద డ్రమ్) ఎడమ పాదంతో. మీరు కుడిచేతి వాటమైతే ఆయన ఎదురుగా ఉన్న వీడియో మీకు అద్దంలో ప్రతిబింబంలా పనికొస్తుంది, తెరలో కుడివైపు కనిపించేది మీ కుడివైపే. చిక్కు వచ్చేది వెనుక నుంచి తీసిన షాట్లలో. అప్పుడు వీడియోలో కుడిఎడమలు తారుమారు చేసి చూపించే ఫోన్ యాప్ ఏదైనా వాడండి.

మీరు ఎడమచేతి వాటమైతే పేస్ మీకు దొరికిన వరం. సరిగ్గా మీ చేతులే చూస్తున్నట్టు. మ్యూజిక్ స్కూల్లో కిట్ తిప్పుకోవడానికి ఐదారు నిమిషాలు పడుతుంది: హైహ్యాట్ స్టాండు, ఫ్లోర్ టామ్, రైడ్ స్టాండు చోట్లు మార్చాలి, ముందు టామ్‌లు రెండుంటే వాటినీ మార్చాలి. సింగిల్ పెడల్‌ను ముట్టుకోనక్కర్లేదు, కూర్చునే చోటు కొంచెం జరిపితే చాలు. ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి. వాటానికి విరుద్ధంగా ఏళ్లపాటు వాయించడం కంటే అది నయం.

ఎలాంటి కిట్ వాడేవారు? అది లేకుండా ఆ శబ్దం వస్తుందా?

డెబ్భైల్లో లడ్‌విగ్, ఎనభైల నుంచి పర్ల్, సింబల్స్ పైస్టే. ప్రధానమైన సంగతి బ్రాండు కాదు, అమరిక: ఒక్కటే బాస్ డ్రమ్, అదీ పెద్దది. 24–26 అంగుళాల వ్యాసం తరగతి. ఇప్పటి కిట్‌లలో మామూలుగా వచ్చే 22 అంగుళాల బాస్‌తో పోలిస్తే దాని శబ్దం లోతుగా, కొంచెం ఆలస్యంగా విచ్చుకుంటుంది.

22 అంగుళాల బాస్‌తో దగ్గరగా రావాలంటే లోపల దిండు కుక్కొద్దు. ముందు చర్మానికి పెద్ద రంధ్రం ఉంటే రంధ్రం లేనిది వేయండి. బీటర్ (పెడల్‌కు ఉండే సుత్తి) తగిలే వైపు ముడతలు పోయేదాకా బిగించి ఆపై పావు మలుపు, ముందువైపు దానికంటే ఇంకో సగం మలుపు ఎక్కువ. మోత మరీ ఎక్కువైతే నాలుగు వేళ్ల వెడల్పు ఫెల్ట్ పట్టీ ఒకటి బీటర్ వైపు చర్మం వెనుక అడ్డంగా వేయండి, అంతకు మించి వద్దు. ఇక్కడ చాలామంది పొరబడేది, బీటర్‌ను చర్మానికి అదిమిపెట్టి ఉంచడం. అలా చేస్తే పెద్ద డ్రమ్ అయినా చిన్న డ్రమ్‌లా మూలుగుతుంది. కొట్టిన వెంటనే బీటర్ వెనక్కి రావాలి.

స్నేర్ ఎలా ట్యూన్ చేయాలి?

పేస్ తరహా సోలోకు ఇదే అసలు పని. మెత్తని రోల్‌లో ప్రతి దెబ్బ విడివిడిగా పలకాలి, గట్టి దెబ్బలో గొంతు నొక్కుకుపోకూడదు. 14 అంగుళాల లోహపు స్నేర్, 5 నుంచి 6.5 అంగుళాల లోతు, పైన ఒకే పొర ఉన్న కోటెడ్ (గరుకు పూత వేసిన) చర్మం. రెండు పొరల మందపాటి చర్మం వేస్తే చిన్న దెబ్బలు మింగేస్తుంది.

పాత చర్మం తీసి అంచు గుడ్డతో తుడిచి కొత్తది వేయండి. బోల్టులన్నీ వేళ్లతో ఆగేదాకా తిప్పండి. తర్వాత డ్రమ్ కీతో ఒక బోల్టు, దానికి సరిగ్గా ఎదురుది, ఇలా ఎదురెదురుగా సగం సగం మలుపు. ప్రతి చుట్టు అయ్యాక అంచుకు మూడు సెంటీమీటర్ల లోపల ప్రతి బోల్టు దగ్గరా స్టిక్‌తో మెల్లగా తట్టి ఒకే శ్రుతి వస్తోందో లేదో వినండి. కింది చర్మం పైదానికంటే బిగువుగా ఉండాలి. అది వదులుగా ఉంటే తీగలు ఆలస్యంగా పలికి రోల్ మసకబారుతుంది. చివరగా తీగలు: పూర్తిగా వదిలేసి, ఒక వేలితో మెల్లగా తడుతూ కొంచెం కొంచెం బిగించండి. ఆ వేలి తాకిడికి తీగలు స్పష్టంగా పలికిన చోట ఆపేయండి. ఎక్కువమంది ఆ చోటు దాటి బిగిస్తారు, దాంతో మెత్తని రోల్ చచ్చిపోతుంది.

"స్వింగ్ ఉన్న రాక్ డ్రమ్మర్" అంటారు. అంటే ఏమిటి? ఎలా నేర్చుకోవాలి?

ఒక బీటును రెండు సమభాగాలుగా కాకుండా మూడుగా పంచి, మధ్య భాగాన్ని వదిలేస్తే వచ్చే నడక స్వింగ్. మన నోటికి తేలిక: "తకిట తకిట" అని చెబుతూ "కి"ని మింగేయండి. త–ట, త–ట. 1970 నాటి 'బ్లాక్ నైట్', 'మెషీన్ హెడ్'లోని 'లేజీ' ఈ నడక మీదే ఉంటాయి. పేస్ ప్రత్యేకత ఏమిటంటే, సూటిగా నడిచే రాక్ పాటల్లో కూడా ఈ ఊగు పూర్తిగా పోదు. హైహ్యాట్ మీద రెండు దెబ్బల మధ్య బరువు తేడా ఉంటుంది. డాన్స్ బ్యాండు ఇచ్చింది ఇదే.

సాధన: మెట్రోనోమ్ (లయ టిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 70 దగ్గర పెట్టండి. రైడ్ మీద త–ట, పాదంతో హైహ్యాట్ రెండో, నాలుగో బీట్ల మీద. అది నిలబడ్డాక రెండో చేత్తో స్నేర్ మీద "కి"ని మాత్రమే, స్టిక్ రెండు సెంటీమీటర్లకు మించి లేపకుండా, తాకండి. ఇదే షఫుల్‌కు (ఈ త–ట నడకకు) ప్రాణం. ఆ మధ్య దెబ్బ గట్టిగా పడితే నడక కుంటుతుంది, గుర్రపు డెక్కల చప్పుడు అవుతుంది. రోజుకు పది నిమిషాలు, వారానికి 5 చొప్పున వేగం పెంచుతూ 130 దాకా వెళ్లండి. 100 దాటాక చెయ్యి బిగుసుకుంటే వెనక్కి రండి, బిగుసుకున్న చేత్తో స్వింగ్ రాదు.

ఆ సింగిల్ స్ట్రోక్ వేగం ఎలా వస్తుంది?

సింగిల్ స్ట్రోక్ అంటే కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఇంతకంటే సులువైనది లేదు, ఇంతకంటే అబద్ధం ఆడనిదీ లేదు. వేగం రాకపోవడానికి దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: బలహీనమైన చెయ్యి తక్కువ ఎత్తు నుంచి పడుతుంది, అందుకని శబ్దం తగ్గుతుంది, దాన్ని సరిచేయడానికి భుజం దిగుతుంది, భుజం దిగగానే వేగం ఆగిపోతుంది.

అద్దం ముందు ప్రాక్టీస్ ప్యాడ్ పెట్టండి. మెట్రోనోమ్ 60, ఒక బీటుకు నాలుగు దెబ్బలు, "తకధిమి". రెండు స్టిక్‌లూ సరిగ్గా ఒకే ఎత్తుకు లేవాలి, పది సెంటీమీటర్లు చాలు. రెండు నిమిషాలు బలమైన చేత్తో మొదలుపెట్టి, నాలుగు నిమిషాలు బలహీనమైన చేత్తో మొదలుపెట్టి. ఈ రెట్టింపు లెక్క తప్పించొద్దు. 120 దగ్గర ఐదు నిమిషాలు ఆగకుండా, నొప్పి లేకుండా వాయించగలిగితే తర్వాతి మెట్టు: అదే వేగంలో ఎత్తు మార్చడం. నాలుగు బార్లు (ఇక్కడ బార్ అంటే నాలుగు బీట్లు) మూడు సెంటీమీటర్లు, నాలుగు బార్లు పది, నాలుగు బార్లు ఇరవై, నాలుగు బార్లు ముప్ఫై, మళ్లీ అలాగే కిందికి. పేస్ స్నేర్ రోల్‌లో వినిపించే ఆటుపోట్లు ఈ కసరత్తులోంచే పుడతాయి.

ముంజేతిలో మంట పుడితే ఆపేయండి. ఓర్చుకుంటే వచ్చేది వేగం కాదు, వాపు.

ఒంటిచేతి రోల్ రహస్యం ఏమిటి?

సోలో మధ్యలో ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది, రోల్ మాత్రం ఆగదు. పేస్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చే విన్యాసం ఇది.

ఒంటిచేత్తో వేగం తెచ్చే దారులు రెండు. ఒకటి వేళ్లది: మణికట్టు కదలిక చిన్నదిగా ఉంచి, స్టిక్ చర్మం మీద నుంచి ఎగిరిన ప్రతిసారీ చివరి మూడు వేళ్లతో వెనక్కి నెట్టడం. రెండోది అంచుది: స్టిక్‌ను స్నేర్ రిమ్‌కు ఆనించి మీటలా వాడి, చెయ్యి కిందికి వెళ్లేటప్పుడు ఒక దెబ్బ, పైకి వచ్చేటప్పుడు ఒక దెబ్బ. రెండోది త్వరగా వస్తుంది, కానీ మెత్తగా వాయించడం దాదాపు అసాధ్యం. గట్టి–మెత్తన కావాలనుకునేవాళ్లు మొదటిదే పట్టుకోవాలి.

వేళ్ల పద్ధతి నేర్చుకునే క్రమం: అరచెయ్యి నేలవైపు కాకుండా బొటనవేలు పైకి వచ్చేలా చెయ్యి తిప్పండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య స్టిక్ ఊగేలా పట్టుకోండి, పిండకండి. స్నేర్ మీద స్టిక్‌ను వదిలి ఎన్నిసార్లు దానంతటదే ఎగురుతుందో చూడండి. ఇప్పుడు ఆ ఎగురుడు చచ్చిపోయే లోపు వేళ్లతో ఒక్కో తోపు. మొదట మూడు దెబ్బలు, తర్వాత ఐదు, తర్వాత తొమ్మిది. 80 వేగంలో బీటుకు నాలుగు దెబ్బలు ఒక నిమిషం నిలిస్తే 5 చొప్పున పెంచండి. నెలల పని ఇది. మెత్తని ప్యాడ్ లేదా దిండు మీద మొదలుపెడితే స్టిక్ ఎగరదు, అందుకని బిగువైన స్నేర్ మీదే మొదలుపెట్టండి.

చేతులూ పాదమూ కలిసే ఆ ట్రిప్లెట్‌లు (మూడు దెబ్బల గుంపులు)?

కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, బాస్ డ్రమ్. "తకిట"లో "ట" పాదానిది. 60 దగ్గర బీటుకు ఒక "తకిట"తో మొదలుపెట్టండి, 90కి చేరాక బీటుకు రెండు. తప్పు దొర్లేది ఎప్పుడూ పాదం దగ్గరే: అది ముందుకు తోసుకొచ్చి చేతి దెబ్బకు అతుక్కుపోతుంది. ఫోన్లో రికార్డు చేసి సగం వేగంలో వినండి, మూడు దెబ్బల మధ్య ఖాళీలు సమానంగా ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. అవి సమానమయ్యాక చేతుల చోట్లు మార్చండి: స్నేర్–టామ్, టామ్–ఫ్లోర్ టామ్, రెండు క్రాష్ సింబల్స్.

'ఫైర్‌బాల్' పాటకు రెండు బాస్ డ్రమ్‌లు కావాలా?

ఆ పాటకు పేస్ రెండో బాస్ డ్రమ్ చేర్చుకున్నారు. ఆయనకు అది మామూలు పద్ధతి కాదు. మీకు డబుల్ పెడల్ చాలు. రెండు పాదాలూ ఎడతెగకుండా మార్చిమార్చి నడవాలి. హైహ్యాట్‌ను పాదంతో మూసి ఉంచే వీలు ఉండదు కాబట్టి క్లచ్ (పై సింబల్‌ను పట్టి ఉంచే బిగింపు) దింపి మూసేయండి, లేదా రైడ్ మీదికి వెళ్లండి. పాట అసలు వేగంలో 60 శాతం దగ్గర మొదలుపెట్టి, రెండు పాదాల శబ్దం ఒకేలా వచ్చేదాకా వేగం పెంచొద్దు. రెండో పాదం బలహీనంగా ఉంటే ఆ వైపు స్ప్రింగ్‌ను కొంచెం వదులు చేయండి.

'బర్న్'లో డ్రమ్స్ సోలోలా ఉన్నాయి. పాటకు అది ఎక్కువ కాదా?

1974లో వచ్చిన పాట. డేవిడ్ కవర్‌డేల్ పాడుతుండగానే పేస్ ఫిల్స్ (మామూలు లయ ఆపి వేసే చిన్న అల్లికలు) మీద ఫిల్స్ వేస్తూ పోతారు. ఇది ఎక్కువ అనిపించకపోవడానికి కారణం చోటు ఎంపిక. గాయకుడి వాక్యం ఎక్కడ ఆగుతుందో అక్కడ ఫిల్ పెద్దదవుతుంది, మాట మొదలయ్యేసరికి స్నేర్ మీదికి కుదించుకుపోతుంది. ప్రయోగం చేసి చూడండి: ఆ పాటకు మామూలు రాక్ బీట్ మాత్రమే వాయించండి. పాట సగం ఖాళీ అయిపోతుంది. సోలోలో చూపించే చేతి పని పాటలో అవసరమైన చోట ఇలా ఖర్చు చేయగలగడమే పేస్‌ను మేం అంత ఎత్తులో ఉంచడానికి కారణం.

నా సొంత సోలో ఎలా కట్టుకోవాలి?

మొదటి సోలో మూడు నిమిషాలు దాటొద్దు. నిమిషానికి 120 వేగంలో నాలుగు బీట్ల బార్ ఒకటి రెండు సెకన్లు. మేం సూచించే నక్షా ఇది. 16 బార్లు స్నేర్ మాత్రమే, మెత్తగా, పాదం హైహ్యాట్ మీద. 16 బార్లు పాట నడకకు దగ్గరగా ఒక గ్రూవ్ (మళ్లీ మళ్లీ వచ్చే లయ నమూనా), దానిలో చిన్న మార్పులు. 24 బార్లు టామ్‌లు, చేతి–పాదం ట్రిప్లెట్‌లు. 8 బార్లు ఒంటిచేతి రోల్ లేదా దాదాపు నిశ్శబ్దం. 16 బార్లు సింగిల్ స్ట్రోక్‌తో పైకి ఎక్కడం. 4 బార్లు బృందాన్ని పిలిచే గుర్తు. మొత్తం 84 బార్లు, 2 నిమిషాల 48 సెకన్లు.

ఆ 8 బార్ల నిశ్శబ్దాన్ని భయపడి తీసేయకండి. సోలోలు పాడయ్యేది ఎక్కువగా మొదటి అరనిమిషంలోనే ఉన్న శక్తినంతా పోసేయడం వల్ల. తర్వాత పెరగడానికి చోటుండదు, వినేవాళ్ల చెవి మొద్దుబారుతుంది.

సోలో అయ్యాక బృందం సరిగ్గా రావడం లేదు. ఏం చేయాలి?

రిఫ్‌ను ముందే తాకండి. 'ద మ్యూల్' లాంటి పాటలో వాయిద్యాలన్నీ ఒకే రిఫ్ దగ్గరికి వస్తాయి కాబట్టి, ఆ రిఫ్ లయనే డ్రమ్స్ మీద నాలుగు బార్లు వాయిస్తే అందరికీ అర్థమవుతుంది. తల ఊపడం, చెయ్యి లేపడం వేదిక లైట్లలో కనబడకపోవచ్చు. రిహార్సల్లో సోలో మొత్తం అక్కర్లేదు, చివరి 20 బార్లు, బృందం ప్రవేశం, ఆ తర్వాత 8 బార్లు, ఇవి మాత్రం పదిసార్లు వాయించండి. ఇంకా తప్పుతుంటే లోపం మీ పాదంలో ఉంది: సోలో అంతటా రెండు, నాలుగు బీట్ల మీద హైహ్యాట్ ఆగకుండా పడుతోందో లేదో రికార్డింగులో చూసుకోండి.

అపార్ట్‌మెంట్‌లో సాధన ఎలా?

పైన చెప్పిన చేతి కసరత్తులన్నీ ప్యాడ్ మీద అవుతాయి, ఒంటిచేతి రోల్ తప్ప. కిట్ ఉంటే మెష్ (వలలాంటి) చర్మాలు, చిల్లుల సింబల్స్ వేస్తే పక్క ఫ్లాట్‌కు గాలిలో వచ్చే శబ్దం బాగా తగ్గుతుంది. కింది ఫ్లాట్‌కు వెళ్లేది పెడల్ అదురు. దానికి కార్పెట్ చాలదు. మందపాటి రబ్బరు పలక, దానిపై ప్లైవుడ్, ఆపైన కిట్ పెట్టండి. అసలు కిట్ మీద వాయించే రోజున ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి, మూసిన చిన్న గదిలో మరీను.

బోన్‌హామ్ కంటే పేస్ గొప్పవారా?

వేరు. బోన్‌హామ్ బరువు, పేస్ చురుకు. బోన్‌హామ్ బీటుకు వెనుక కూర్చుంటే పేస్ దాని ముందు అంచు మీద నడుస్తారు. ఇద్దరినీ వినండి.

డీప్ పర్పుల్ కాకుండా ఇంకెక్కడ వినొచ్చు?

వైట్‌స్నేక్‌లో 1979 నుంచి 1982 దాకా ఉన్నారు. 'రెడీ అండ్ విల్లింగ్'తో మొదలుపెట్టండి. తర్వాత గ్యారీ మూర్ 'కారిడార్స్ ఆఫ్ పవర్'. 1999లో పాల్ మెకార్ట్నీ 'రన్ డెవిల్ రన్' ఆల్బమ్‌లో చాలా పాత రాక్ అండ్ రోల్ పాటలకు డ్రమ్స్ ఆయనవే. ఆ ఏడాది డిసెంబర్‌లో లివర్‌పూల్ కావర్న్ క్లబ్ కచేరీలోనూ వాయించారు. సోలో ఒక్కటీ లేదు, స్వింగ్ మాత్రం ప్రతి పాటలోనూ ఉంది.

ఇప్పటికీ వాయిస్తున్నారా?

వాయిస్తున్నారు. 2016 జూన్‌లో స్వల్ప స్ట్రోక్ వచ్చి కొన్ని కచేరీలు ఆగిపోయాయి. కొద్ది వారాల్లోనే మళ్లీ వేదికెక్కారు. 2024 జూలైలో వచ్చిన డీప్ పర్పుల్ స్టూడియో ఆల్బమ్‌లో డ్రమ్స్ ఆయనవే. వయసుతో పాటు పొడవైన సోలోలు తగ్గాయి, కానీ ఆ కొత్త పాటల్లో హైహ్యాట్ ఒక్కదాన్నే వెంబడించి వింటే త–ట నడక ఇంకా అక్కడే ఉంది.